వెయ్యీ ఎనభై నాలుగో కాగితం

జూన్ 3

పెద్దమ్మా,

నిన్న నీ నంబరు మూతపడింది. మూయించింది నేనే. ఈ మాట ఇంకెవరి నోటా నువ్వు వినకముందే నేను చెప్పాలి, అందుకని రాస్తున్నాను. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. కుట్టుమిషన్ల మధ్య ఇరవై రెండేళ్లు కూర్చుని నీ చెవులు ఎలా అయ్యాయో నాకు తెలుసు. నేను ఒకటి చెప్తే నువ్వు "ఆ, తిన్నా, నువ్వు తిన్నావా?" అంటావు. ఇది అలా జారిపోకూడని మాట.

నా పని గురించి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కంప్యూటర్ ముందు కూర్చుంటాను, గది చల్లగా ఉంటుంది, అని మాత్రం చెప్పాను. నువ్వు దాన్నే షాపంతా చెప్పుకున్నావు. అసలు సంగతి ఇది. ఒక పెద్ద హాలు, నలభై బల్లలు, బల్లకో తెర. ఎవరికైనా ఫోన్‌లో విసుగు పుట్టించే సందేశమో, మోసం అనిపించే సందేశమో వస్తే కంపెనీకి ఫిర్యాదు పెడతారు. అవన్నీ వచ్చి మా తెరల మీద పడతాయి. పంపినవాళ్ల పేరు ఉండదు, నంబరు ఉండదు. ఆ సందేశం, దాని కింద ఆ ఇద్దరి మధ్య చివరగా నడిచిన పది సందేశాలు, అంతే. మాకు మూడు మీటలు ఉంటాయి: చెత్త, మోసం, వదిలెయ్. ఒక్కోదానికి తొమ్మిది సెకన్లు. పెద్ద బహుమతి తగిలిందని చెప్పేవి, వదిలేసి పోయిన మొగుణ్ణి మూడు రోజుల్లో రప్పిస్తామనేవి, ఫలానా బొమ్మను ఇరవై మందికి పంపకపోతే ఇంట్లో కీడు జరుగుతుందని బెదిరించేవి. మన ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. పొద్దున్నించి సాయంత్రం దాకా మీట నొక్కడం, ఇదీ ఆ చదువుకి దొరికిన పని.

నిన్న మధ్యాహ్నం నా తెర మీదికి ఒక ఫొటో వచ్చింది. బట్టల కొలతలకు వాడే ఖాకీ కాగితం ముక్క. దాని మీద సుద్దతో "ఈ రోజు నీకు మంచి జరగాలి" అని ఉంది. మూలన ఒక అంకె, 1,084. కాగితం ఎగరకుండా పైన ఒక ఇత్తడి టోపీ, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునేది. దానికి ఒక పక్క సొట్ట ఉంది. నాకు పళ్లొచ్చే రోజుల్లో నేను కొరికితే పడిన సొట్ట అని నువ్వే చెప్పావు.

ఒకేసారి పదకొండు మందికి పంపినట్టు పక్కన రాసి ఉంది. ఆ పదకొండు మందిలో ఎవరో విసిగి ఫిర్యాదు పెట్టారు.

తెలిసినవాళ్లది వస్తే చెయ్యెత్తాలి, అది రూలు. టీమ్ లీడర్ వచ్చి దాన్ని వేరే బల్లకి పంపేస్తుంది. నేను ఎత్తబోయాను. అంతలో పక్క బల్ల అమ్మాయి నా తెరలోకి తొంగి చూసింది. ఆమె చెయ్యి మీట మీద ఆగదు, అందుకని అందరం స్పీడు అంటాం.

"అబ్బో, సుద్దతో రాసి మరీ పంపుతోందే! ఎవరే ఈ ముసలమ్మ?" అంది.

"ఎవరో" అన్నాను.

"మరి చూస్తావేం? నొక్కెయ్."

చెత్త అని నొక్కాను. అంతకుముందే వేరే బల్లల మీద రెండుసార్లు అదే మీట పడిందట. మూడోది నాది. మూడు పడితే ఆ నంబరుకి సందేశాల ఖాతా మూసేస్తారు, మామూలు ఫోన్లు మాత్రం వస్తాయి.

ఇది సరిదిద్దుకోవచ్చు. ఈ ఉత్తరంలో ఒక ఫారం పెట్టాను. అందులో ఎందుకు పంపుతున్నారని అడిగే గడి ఒకటి ఉంది. "నా ఫోన్ ఇంకెవరో వాడారు" అని రాసి సంతకం పెట్టు, తొందరగా తేలిపోతుంది. నలభై అయిదు రోజుల్లోగా, అంటే జూలై పదిహేడులోగా ఇవ్వకపోతే నీ ఖాతా పూర్తిగా చెరిపేస్తారు. ఆఫీసువాళ్లు ఏదైనా అడిగితే జవాబు చెప్పు.

పదకొండు మందికి పంపితే కోరిక తీరుతుందని నీకు ఎవరు ఎక్కించారో గానీ, అది ఇక మానుకో పెద్దమ్మా.

ఈ హాస్టల్ గదిలో ఆరు మంచాలున్నాయి. ఎవరి షిఫ్టు వాళ్లది, ఒకరికొకరం మొహం తెలియదు. రోజూ ఏడున్నరకి నీ ఫొటో వచ్చినప్పుడు నా ఫోన్ ఒక్కసారి వణికేది. నేను తెరవకుండానే పక్కకి తోసేదాన్ని. ఈ పొద్దున అది వణకలేదు. మూడుసార్లు తీసి చూసుకున్నాను.

"ఎవరో" అన్నందుకు క్షమించు.

నీ పంతులమ్మ


జూన్ 9

పంతులమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. ఒకసారి కళ్లద్దాలు లేకుండా, ఒకసారి మా షాపులో కటింగ్ మాస్టర్ కళ్లద్దాలు అడిగి పెట్టుకుని. రెండుసార్లూ నవ్వొచ్చింది. నువ్వు మీట నొక్కితే నా నంబరు పోయిందా? అంత గొప్పదానివి ఎప్పుడయ్యావే?

అది పోయింది నా తప్పు వల్ల. ఆ పొద్దున రాస్తుంటే సుద్ద పుటుక్కున విరిగింది. కొత్తది తీసుకోవాల్సింది. షాపుకి టైమవుతోందని విరిగిన ముక్కతోనే రాసేశా. మనసులో అప్పుడే ఏదోగా అనిపించింది. నువ్వు నొక్కినా నొక్కకపోయినా ఆ రోజు ఏదో ఒకటి జరిగేదే. నువ్వేం దిగులు పెట్టుకోకు. ముసలమ్మ అన్నదే, ఆ స్పీడు పిల్లకి మాత్రం చెప్పు, నేను సూదిలో దారం ఇప్పటికీ ఒకే ఊపుకి ఎక్కిస్తానని.

ఇక నీ ఫారం. నాలుగో తరగతి పుస్తకం ముందు పెట్టి నాకు అక్షరాలు దిద్దించినప్పుడు "అబద్ధం ఆడరాదు" అని పదిసార్లు రాయించావు. ఆరోసారికి నా వేళ్లు నొప్పి పుడితే "పది అంటే పదే పెద్దమ్మా" అని నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డావు. అప్పటికి నీకు తొమ్మిదేళ్లు. ఆ చేత్తోనే ఇప్పుడు నా ఫోన్ ఎవరో వాడారని రాయమంటావా? ఎందుకు పంపుతున్నావన్న గడి ఖాళీగా వదిలేశా. అది ఎవరికీ చెప్పే సంగతి కాదు.

నన్ను తొలిచేది వేరే. ఏడున్నరకి పంపితే ఎనిమిది లోపల మీ అన్నకి రెండు టిక్కులూ నీలంగా మారేవి. వాడు ఇల్లొదిలి పోయాక మూడేళ్లలో కన్నతల్లినైన నాతో ఒక్క మాట అనలేదు. నేనూ ఆ కాగితం తప్ప ఒక్క ముక్క రాయలేదు. ఏదైనా రాస్తే ఆ నీలం కూడా పోతుందేమోనని భయం. రోడ్డు వెడల్పు చేస్తామని పాత ఇల్లూ పాత షాపూ కలిపి కొట్టేస్తే, ఈ గదికి మారినప్పుడు కూడా రాయలేదు. వాడి నంబరుకి ఫోన్ కలిపితే వాడుకలో లేదంటుంది, సందేశం మాత్రం పోతుంది. అదెలాగో నీలాంటి చదువుకున్నవాళ్లకే తెలియాలి. ఇప్పుడు పొద్దున లేచి, టీ పెట్టుకుని, ఆ చిన్న తెర పట్టుకుని ఎనిమిది దాకా కూర్చుంటున్నా. అందులో ఏమీ లేదని తెలుసు.

మీ ఆఫీసువాళ్లు మాత్రం బంగారం. నీ ఉత్తరం అందిన రోజే రీచార్జి షాపాయనకి నా గోడు చెప్పుకున్నా. ఆయన నెట్‌లో ఫిర్యాదుల పేజీ ఒకటుందని చెప్పి, అందరూ చూసే ఆ పేజీలో నా నంబరు వేసి, ఈమె కూతురు అక్కడే పని చేస్తుందని కూడా రాశాడు. పది నిమిషాల్లో ఫోన్! "అమ్మా, మీ అమ్మాయి ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం" అన్నాడట. నాకు వినపడక మాస్టర్‌కి ఇచ్చా. నా ఫోన్‌కి ఆరు అంకెలు వచ్చాయి, అవి చదవమన్నారు. మాస్టర్ "ఇవ్వొచ్చా అమ్మా?" అని అడిగాడు. "మా పిల్ల ముందే రాసింది, ఆఫీసువాళ్లు అడిగితే చెప్పమని" అన్నా. ఒక్కొక్క అంకే గట్టిగా చదివాడు, నువ్వు ఎక్కాలు అప్పగించినట్టు. వారంలో తెరుస్తారట.

ఆయనకి నా తరఫున థాంక్స్ చెప్పు. వేళకి తిను.

పెద్దమ్మ


జూన్ 15

పెద్దమ్మా,

మా ఆఫీసు నుంచి ఎవరూ ఫోన్ చేయరు. ఎవరికీ, ఎప్పుడూ చేయరు. నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను.

ఆ ఆరు అంకెలు ఇంటి తాళంచెవి లాంటివి. మూసిన నంబరు సొంతదారుకి అవి చెప్తే, ఫారం వచ్చేదాకా ఖాతాని తాత్కాలికంగా తెరిచి ఇస్తారు. ఇప్పుడు నీ ఖాతా ఎవడి ఫోన్‌లోనో తెరుచుకుంది. వాడు నువ్వై కూర్చున్నాడు. నీ పదకొండు మందికి నీ పేరుతో ఏమైనా పంపగలడు. ఫిర్యాదుల పేజీల దగ్గర ఇలాంటివాళ్లు కాచుకుని ఉంటారు. రోజుకి యాభై అరవై నా తెర మీదికే వస్తాయి.

ఆఫీసువాళ్లు అడిగితే చెప్పమని రాసింది నేనే. ఫారంలో అడిగితే అని నా ఉద్దేశం. ఆ ముక్క రాయాలని నాకు తట్టలేదు. నాకు తెలిసినవన్నీ నీకూ తెలిసే ఉంటాయని అనుకున్నాను.

కానీ నీకూ కోపం తెప్పించే మాట ఒకటి చెప్తాను. సుద్ద విరిగితే నంబరు పోయిందని రాశావు. అది చదివి నాకు నవ్వు రాలేదు. అదే నమ్మకం ఉండబట్టే ఎవడో ఫోన్ చేయగానే అంకెలు చదివించావు. సుద్దతో రాసి, మూలన అంకె వేసి, పదకొండు మందికి పంపితే అన్న తిరిగొస్తాడా? వెయ్యి దాటింది కదా, వచ్చాడా? ఇలాగే ఆశ పెట్టుకున్న తల్లుల్ని రోజూ చూస్తాను నేను. వాళ్ల మాటలు చదివి, తొమ్మిది సెకన్లు లెక్కపెట్టి, మీట నొక్కుతాను. వాళ్లలో ఒకతెవి నువ్వు కావడం నేను భరించలేను. ఆ రోజు స్పీడు ముందు సిగ్గుపడి నొక్కానని రాశాను. అది సగమే నిజం. నాకు నిజంగానే అది చెత్త అనిపించింది.

అన్న సంగతి నన్ను అడగకు. నేను పంపేవాటికి ఒకే ఒక్క టిక్కు పడుతుంది. నన్ను వాడు ఎప్పుడో బ్లాక్ చేశాడు.

ఫారం వెంటనే పంపు. నువ్వు సంతకం పెడితేనే ఆ దొంగ చేతిలోంచి దాన్ని లాక్కోగలం.

భోజనాల హాల్లో నేను గోడ వైపు కూర్చుంటాను, ఎదుటి కుర్చీ ఎప్పుడూ ఖాళీ. ఈవాళ ఆ కుర్చీతో నీ మీద పోట్లాడాను. తినకుండానే లేచాను.

పంతులమ్మ


జూన్ 22

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది.

మీ అన్న వస్తాడని పంపుతున్నానని నీకు నేను చెప్పానా? ఎప్పుడైనా చెప్పానా? నువ్వే అనుకున్నావు. చదువుకున్నదానివి, నువ్వు అనుకుంటే అయిపోయినట్టే.

ఇప్పుడు చెప్తా, ఒకేసారి. మూడేళ్ల కిందట నా ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. బడి గేటు పక్కన ఒక మనిషి, నెత్తిన టోపీ, భుజాన సంచి, పక్కకి తిరిగి ఉన్నాడు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు, కనిపిస్తే వదలకండి, అందరికీ పంపండి అని ఉంది. నాకు ఒళ్లు మండింది. అప్పటికి నా ఫోన్‌లో పదకొండు మంది ఉన్నారు. పదకొండు మందికీ పంపా. సంతలో ఎవరో అతన్ని గుర్తుపట్టారు. ఎంతమంది కొట్టారో తెలియదు. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది.

అతను మీ అన్నతో పాటు లిఫ్టులు బాగుచేసేవాడు. ఆ బడి లిఫ్టు బాగుచేయడానికి వెళ్లి గేటు తీసేదాకా నిలబడ్డాడు. మన ఇంటికి రెండుసార్లు వచ్చాడు. చొక్కాకి గుండీ ఊడితే కుట్టిచ్చా. ఫొటోలో అదే చొక్కా. నా కుట్టు నేను గుర్తుపట్టలేదు. మీ అన్న నా ఫోన్ లాక్కుని, నేను పంపిన పదకొండూ చూశాడు. "నీ చేతి ముద్ద తిన్నాడమ్మా వాడు" అన్నాడు. అంతే. సంచి సర్దుకున్నాడు. ఆ చెయ్యి మళ్లీ స్పానర్ పట్టలేదని తరవాత తెలిసింది. నువ్వు ఆఖరి సంవత్సరం చదువుతూ ఉద్యోగం వెతుక్కుంటున్న రోజులు, మేం తగాదా పడ్డాం అని మాత్రం చెప్పా.

ఒక చెడు పదకొండు మందికి పంపా. దాన్ని వెనక్కి తీసుకునే మీట ఏదీ లేదు, అడిగా, లేదన్నారు. అందుకని ఆ పదకొండు మందికే రోజుకో మంచి మాట పంపుతున్నా. మూలన వేసేది రోజుల లెక్క. ఎన్ని పంపితే సరిపోతుందో నాకెవరూ చెప్పలేదు. అందుకే ఆపలేదు. ఇది పిచ్చి అంటావా, అను. చెత్త అనకు.

నువ్వు చెప్పిన దొంగ పని మొదలుపెట్టాడు. "నేను ఆసుపత్రిలో ఉన్నా, సాయం పంపండి, ఫోన్ చేయొద్దు, మాట్లాడలేను" అని అందరికీ పంపాడు. మొన్న మాస్టర్ చెల్లెలు ఫ్లాస్కులో పాలు పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. నేను గుమ్మంలో కూర్చుని కాజాలు కుడుతున్నా. "చావలేదా నువ్వు? మూడంతస్తులు ఎక్కించావు కదే!" అని తిట్టి, ఆ పాలు తనే తాగి పోయింది. ఆమె తరవాత ఇద్దరు, తరవాత పాతింటి పక్కావిడ. నిన్నటికి ఎనిమిది మంది, వచ్చో, మనిషిని పంపో నన్ను చూసుకున్నారు. నన్ను చూడ్డానికి ఇంతమంది వస్తారని నాకు తెలియదు.

మీ అన్న రాలేదు.

వాడికీ అందే ఉంటుంది. తల్లి ఆసుపత్రిలో ఉందంటే రానివాడు ఇక దేనికి వస్తాడు? నాకు జవాబు దొరికింది. మూసేయనీ ఆ నంబరు, చెరిపేయనీ. వెయ్యీ ఎనభై నాలుగు పంపా. చాలు. నీ ఫారం మిషను కింద కాగితాల్లో ఉంది, వెతకదలచుకోలేదు.

కళ్లు మంటగా ఉన్నాయి. ఉంటా.

పెద్దమ్మ


జూలై 1

పెద్దమ్మా,

అన్న వచ్చాడు.

నిన్న నా తెర మీదికి ఒకటి వచ్చింది. "నేను ఆసుపత్రిలో ఉన్నా, సాయం పంపండి" అన్న సందేశం. అలాంటివి రోజూ వస్తాయి, వేలు మోసం మీట మీదికి వెళ్లింది కూడా. కింద ఉన్న మాటలు చదివి ఆగాను. తొమ్మిది సెకన్లు అయిపోయాయి. తెర ఎర్రగా మారి కొట్టుకుంటూనే ఉంది, నేను చదువుతూనే ఉన్నాను. అవి కంఠతా వచ్చేశాయి. ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"అమ్మా, ఏ ఆసుపత్రి?"

"ఎవరైనా పక్కన ఉంటే రాయమను. ఏ ఆసుపత్రి?"

"బయల్దేరుతున్నాను."

"పాత వీధికి వచ్చాను. ఇల్లు లేదు. షాపు లేదు. మనిల్లు ఉన్నచోట రోడ్డుంది. ఎవర్నడగాలి?"

"నాలుగు ఆసుపత్రులు తిరిగాను. గట్టిగా పిలవండి, ఆమెకి వినపడదు అని చెప్పాను. లేదంటున్నారు."

దొంగ దానికి "ముందు సాయం పంపండి, అడ్రసు తరవాత" అని రాశాడు.

అప్పుడు అన్న రాసింది: "మా అమ్మ రోజూ కాగితం మీద అంకె వేసి పంపుతుంది. జూన్ రెండున ఆగిపోయింది. అప్పటి నుంచీ నాకు ఏమీ తోచలేదు. మీ దగ్గరున్నది మా అమ్మే అయితే తరవాతి అంకె ఎంతో అడిగి చెప్పండి. ఆమెకి తెలుసు."

దొంగ: "ఏ అంకె?"

అంతే. అక్కడ అన్న ఫిర్యాదు మీట నొక్కాడు. అదే నా బల్ల మీదికి వచ్చింది.

వాడు లెక్క పెట్టుకుంటున్నాడు పెద్దమ్మా. వెయ్యీ ఎనభై నాలుగూ చదివాడు. నీ పదకొండు మందిలో ఎనిమిది మందికి నీ కొత్త గది తెలుసు, వచ్చారు. వాడికి తెలియదు. భయపడి నువ్వు చెప్పలేదు. వాడు వచ్చి రోడ్డు మీద నిలబడి వెళ్లిపోయాడు.

ఈసారి చెయ్యెత్తాను. స్పీడు "ఏమైందే, ఎవరు?" అంది. "మా అన్న. ఆ ఖాకీ కాగితం పంపిన ముసలమ్మ మా పెద్దమ్మ. నన్ను పెంచింది" అన్నాను. అది చాలాసేపు మీట ముట్టుకోలేదు. టీమ్ లీడర్‌కి జూన్ రెండున చేసింది కూడా చెప్పేశాను. ఇప్పుడు నన్ను హాలు నుంచి తీసేసి మెట్ల కింద గదిలో ఫైళ్లు సర్దమన్నారు. ఉంచుతారో లేదో తెలియదు. తెర మీద చూసింది బయట ఎవరికీ చెప్పనని చేరేటప్పుడు సంతకం పెట్టాను. అది తెలిసే నీకు రాశాను. ఈ ఉత్తరం దాచక్కర్లేదు.

ఇంకొకటి. నేను నీకు చెప్పనిది. ఆ పదకొండు మందిలో నేనూ ఉన్నాను. ఆ ఫొటో నాకూ పంపావు. అప్పుడు కాలేజీలో ఆఖరి సంవత్సరం. నిజమా కాదా అని ఒక్క క్షణం ఆలోచించకుండా తరగతి గ్రూపులో పెట్టాను, ఊళ్లో తెలిసినవాళ్లకి పంపాను. అన్న ఇల్లు వదిలే ముందు నన్ను నిలదీశాడు. చదువుకున్నదానివి నువ్వెలా పంపావని అడిగాడు. నేను తప్పు ఒప్పుకోలేదు. తల్లితో అలా మాట్లాడకూడదని రెండు పేజీల నీతులు రాసి పంపాను. ఆ రోజే నన్ను బ్లాక్ చేశాడు. నిన్ను చెయ్యలేదు. నువ్వు ఎంతమందికి పంపావో నీకు తెలుసు, మూడేళ్లుగా దాని వెనకే నడుస్తున్నావు. నేను ఎంతమందికి పంపానో నాకు తెలియదు. లెక్క పెట్టలేదు. నీ కాగితాన్ని చెత్త అన్నది అలాంటి మనిషి.

వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నా తెరకి తెలియదు. వాడి కొత్త నంబరు ఎవరి దగ్గరా లేదు, పాతదానికి స్పీడు ఫోన్ నుంచి రాసి చూస్తే ఒకే టిక్కు పడింది. ఆఫీసు చెప్పదు. వాడు చూసే తలుపు ఒక్కటే, నీ ఖాతా. దొంగ సంగతి తేలింది కాబట్టి వాణ్ణి తోసేశారు, మళ్లీ మూసేశారు. నీ సంతకంతో ఫారం వస్తే అది నీ పాత ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. లీడరే చెప్పింది. రాకపోతే జూలై పదిహేడు సాయంత్రానికి చెరిపేస్తారు. ఆ తరవాత నువ్వు పంపాలన్నా వాడికి అందదు.

మిషను కింద కాగితాల్లో వెతకొద్దు, కొత్త ఫారం పెట్టాను. ఎందుకు పంపుతున్నారన్న గడిలో అబద్ధం వద్దు. ఆ మాట రాసినందుకు సిగ్గుపడుతున్నాను. నాకు రాసిందే రాయి, ఫొటో సంగతి, పదకొండు మంది సంగతి. గడి చాలకపోతే వెనక్కి తిప్పి రాయి. చదివేవాళ్లకి తొమ్మిది సెకన్లు చాలకపోతే చాలకపోనీ.

దాంతో పాటు ఒక పని చెయ్యి. కొత్త సుద్ద తీసుకో. ఖాకీ కాగితం మీద రోజూ రాసే మాట రాయి. దాని కింద ఈసారి నీ వీధి, ఎన్నో అంతస్తు, ఏ తలుపు, అన్నీ రాసి, ఇత్తడి టోపీ పెట్టి, ఫొటో తీసి ఉంచుకో. ఖాతా తెరుచుకున్న నిమిషం అదే పంపాలి. మూలన 1,085 వెయ్యి. అది చూస్తే అది నువ్వే అని వాడు నమ్ముతాడు.

పోస్టుకి నాలుగు రోజులు పడుతోంది. పదో తేదీ దాటకుండా డబ్బాలో వెయ్యి. ఏమీ రాయాలనిపించకపోతే ఒట్టి సంతకం పెట్టి పంపు, నా మీద కోపం అలాగే ఉంచుకో. జూలై పద్నాలుగో తేదీలోగా నీ జవాబు నా చేతికి అందాలి పెద్దమ్మా.

నీ పంతులమ్మ